రన్‌వే కింద ఎవరి నేల?

పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ జిల్లా ఫత్తూవాలా గ్రామంలో, పాకిస్తాన్ సరిహద్దుకు చేరువలో, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఒకటుంది. స్వతంత్రం వచ్చాక జరిగిన యుద్ధాల్లోనూ మన వైమానిక దళం దానిని వాడుకుంది. రక్షణ శాఖకు చెందిన ఆ నేలను 1997లో కొందరు ప్రైవేటు వ్యక్తులు రెవెన్యూ సిబ్బంది తోడ్పాటుతో తమ సొంత భూమిగా చూపి అమ్ముకున్నారన్న ఆరోపణపై పంజాబ్–హర్యానా హైకోర్టు 2025లో విచారణకు ఆదేశించింది. ఆ ఏడాది జూన్‌లో పోలీసు కేసు కూడా నమోదైంది. విమానాల నేలనే అమ్మేశారన్న వింత అందరినీ ఆకర్షించింది. దేశభద్రత, అవినీతి, రికార్డుల తారుమారు గురించి పత్రికలు విస్తారంగా రాశాయి. ఆ నేలను బ్రిటిష్ ప్రభుత్వం తీసుకోకముందు దానిని ఎవరు దున్నారు, ఎవరు కోతలు కోశారు, ఎవరి పశువులు అక్కడ మేశాయి అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినబడలేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, యుద్ధం పేరిట తీసుకున్న నేలలు ప్రపంచమంతటా ఒక పరీక్ష పెట్టాయి. తీసుకునేటప్పుడు రాజ్యం అందరినీ ఒకే మాటతో ఖాళీ చేయించింది: దేశం కోసం. తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం యజమాని ఎవరని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో కొందరు లోపలికి వచ్చారు, కొందరు శాశ్వతంగా బయటే ఉండిపోయారు. మన దేశంలో యజమాని అన్న మాటకు కులం నీడలా అంటుకుని ఉంది. పాత ఎయిర్‌స్ట్రిప్‌లను కొత్త విమానాశ్రయాలుగా మార్చాలని తెలుగు రాష్ట్రాలు రెండూ ఉత్సాహపడుతున్న ఈ సమయంలో ఆ నీడను గుర్తించడం అవసరం.

పాత ఎయిర్‌ఫీల్డ్ శిథిలాలను వెతికి నమోదు చేయడం బ్రిటన్‌లో చాలామందికి ఇష్టమైన వ్యాపకం. యుద్ధకాలంలో అక్కడ 400కు పైగా కొత్త ఎయిర్‌ఫీల్డులు కట్టారు. మూడు రన్‌వేలు ఒకదాన్నొకటి త్రికోణంగా ఖండించుకోవడం, ప్రధాన రన్‌వే 2,000 గజాలు, మిగిలిన రెండూ 1,400 గజాల చొప్పున ఉండటం నాటి బాంబర్ స్థావరాల ప్రామాణిక నమూనా. యుద్ధం ముగిశాక వాటిలో అత్యధికం పొలాల్లో కలిసిపోయాయి. నార్ఫోక్, సఫోక్, లింకన్‌షైర్ ప్రాంతాల్లో నేటికీ గోధుమ చేల మధ్య పగిలిన కాంక్రీటు దారులు, పైకప్పు లేని కంట్రోల్ టవర్లు, రేకుల గుడిసెలు కనిపిస్తాయి. కొన్ని రన్‌వేలను పగలగొట్టి ఆ కంకరను రహదారులకు వాడారు. మరికొన్నింటి మీద టర్కీ కోళ్ళ షెడ్లు వెలిశాయి. అభిరుచి కలవారు రైతు అనుమతి తీసుకుని ఆ పొలాల్లోకి వెళ్తారు, ఫోటోలు తీస్తారు, పాత పటాలతో సరిపోల్చి చూస్తారు. నార్ఫోక్‌లోని థార్ప్ అబట్స్ వద్ద అమెరికన్ బాంబర్ దళం వాడిన టవర్‌ను ఇలాంటి అభిమానులే బాగుచేసి మ్యూజియంగా నిలిపారు.

ఈ కృషి మెచ్చదగినది. అయితే శిథిలాల దగ్గర ఏ జ్ఞాపకం నిలుస్తుందో, ఏది నిలవదో గమనించాలి. స్మారక ఫలకాల మీద వైమానికుల పేర్లుంటాయి. కాంక్రీటు పోసినవారి పేర్లు అరుదు. సఫోక్‌లోని ఐ అనే చిన్న పట్టణం పక్కన ఉన్న ఎయిర్‌ఫీల్డ్ వంటివాటిని నిర్మించిన వారిలో అమెరికా సైన్యపు నల్లజాతి ఇంజనీరింగ్ దళాలు ఉన్నాయి. అమెరికా సైన్యంలో అప్పటికి వర్ణవివక్ష అధికారిక విధానం. నల్లవారి దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు. ఆ వేర్పాటును తొలగించే ఉత్తర్వు 1948 జూలైలో గాని వెలువడలేదు. ఫాసిజం మీద యుద్ధానికి వెళ్ళే విమానాల కోసం రన్‌వే పరిచిన చేతులు, సొంత సైన్యంలో వేరుపంక్తిలో కూర్చున్నాయి. మన పాఠకులకు ఈ దృశ్యం కొత్తది కాదు. గుడి కట్టినవాడు గుడి బయటే ఉండిపోవడం మనకు తెలిసిన చరిత్రే.

భూమి తిరిగి ఇచ్చే విషయంలో బ్రిటన్‌కు ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. డోర్సెట్ జిల్లాలోని క్రిచెల్ డౌన్‌లో 725 ఎకరాలను 1938లో వైమానిక శాఖ నిర్బంధంగా కొనుగోలు చేసింది. అది ఎయిర్‌ఫీల్డ్ కాదు, బాంబులు వేయడం అభ్యసించే నేల. యుద్ధ అవసరం తీరాక తీసుకున్న భూములను పాత యజమానులకు తిరిగి కొనుక్కునే అవకాశం ఇస్తామని 1941లో ప్రధాని చర్చిల్ పార్లమెంటులో మాట ఇచ్చారు. యుద్ధం ముగిశాక ఆ భూమి వ్యవసాయ శాఖకు బదిలీ అయింది. పాత యజమానుల మాట పక్కనపెట్టి, శాఖ దానిని మరొకరికి కౌలుకివ్వడానికి పూనుకుంది. భూమిలో కొంత భాగం ఒక ప్రభువంశానిది. ఆ వంశపు కుమార్తె, ఆమె భర్త అయిన నౌకాదళ అధికారి ఊరుకోలేదు. వారి పట్టుదలతో బహిరంగ విచారణ జరిగింది. అధికారుల తీరును నివేదిక తప్పుపట్టింది. 1954 జూలై 20న వ్యవసాయ మంత్రి థామస్ డగ్డేల్ రాజీనామా చేశారు. నిర్బంధంగా సేకరించిన భూమి మిగులుగా తేలితే ముందుగా పాత యజమానికో, అతడి వారసులకో నేటి మార్కెట్ ధరకు చూపాలన్న నిబంధనలు ఈ ఉదంతం నుంచే పుట్టాయి. నేటికీ వాటిని క్రిచెల్ డౌన్ నిబంధనలనే పిలుస్తారు.

రాజ్యాధికారానికి పౌరుడు కళ్ళెం వేసిన గాథగా ఈ ఉదంతాన్ని పాలనాశాస్త్ర పాఠాల్లో చెబుతారు. అదే డోర్సెట్‌లో మరొక ఊరి కథ కూడా ఉంది. సముద్రతీరాన ఉన్న టైన్‌హామ్ గ్రామాన్ని 1943 డిసెంబరులో సైనిక శిక్షణ కోసం ఖాళీ చేయించారు. యుద్ధం ముగిశాక తిరిగి రావచ్చని గ్రామస్తులు నమ్మారు. 1948లో ప్రభుత్వం ఆ నేలను శాశ్వతంగా తీసుకుంది. ఊరివారిలో దాదాపు అందరూ ఎస్టేటు ఇళ్ళలో అద్దెకు ఉండేవారే. ఇల్లు తమది కాదు కాబట్టి ఇంటికి పరిహారం అడిగే హక్కు వారికి లేదు. యజమాని కుటుంబానికీ ఊరు తిరిగి దక్కలేదు గాని, వారికి భూమి వెల ముట్టింది. నేడు అక్కడ మొండిగోడలు, బడి, చర్చి మిగిలాయి. సందర్శకులు వచ్చి చూసి వెళ్తారు. ఒకే జిల్లాలో, ఒకే యుద్ధంలో, యజమాని మాటకు మంత్రి పదవి పోయింది. అద్దెదారుల మాట కాలగర్భంలో కలిసింది.

వర్గభేదం ఇంత చేస్తే, జాతిభేదం కూడా తోడైతే ఏమవుతుందో అమెరికాలోని జార్జియా తీరం చెబుతుంది. మెకింటాష్ కౌంటీలోని హారిస్ నెక్ బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లజాతి కుటుంబాలు నిలబెట్టుకున్న ఊరు. అంతర్యుద్ధం ముగిసిన 1865లో ఒక తోటల యజమానురాలు తన భూమిని ఒక విముక్త నల్లజాతి వ్యక్తికి రాసిచ్చిందని, అక్కడి నుంచి తమ ఊరి కథ మొదలైందని వారసులు చెబుతారు. వారు పంటలు పండించారు, చేపలు, గుల్లలు పట్టారు, బడి, చర్చి కట్టుకున్నారు. 1942లో ఫెడరల్ ప్రభుత్వం సైనిక ఎయిర్‌ఫీల్డ్ కోసం 2,687 ఎకరాలను స్వాధీనం చేసుకుంది. సుమారు 75 నల్లజాతి కుటుంబాలకు రెండు వారాల గడువు దొరికింది. పైరు పొలంలోనే ఉంది. ఇళ్ళను కూల్చారు, తగలబెట్టారు. తమకు ఎకరాకు సగటున 26.90 డాలర్లు, అక్కడే భూమి ఉన్న తెల్లవారికి 37.31 డాలర్లు చెల్లించారని వారసులు లెక్క చూపుతారు. యుద్ధం ముగిశాక భూమి తిరిగి ఇస్తామని అధికారులు చెప్పారని కూడా వారు అంటారు.

యుద్ధం ముగిసింది. ఎయిర్‌ఫీల్డ్‌ను ఫెడరల్ ప్రభుత్వం కౌంటీకి అప్పగించింది. కౌంటీ దానిని విమానాశ్రయంగా నడపలేదు. ఫెడరల్ ప్రభుత్వం వెనక్కి తీసుకుని 1962లో వన్యప్రాణి ఆశ్రయంగా ప్రకటించింది. నేడు అక్కడ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. త్రికోణపు రన్‌వేల మధ్య గడ్డి మొలిచింది. పక్షి ప్రేమికులకు అది స్వర్గధామం. 1979లో పాత నివాసులు, వారి పిల్లలు ఆ నేలమీద గుడారాలు వేసి నిరసన తెలిపారు. కదలడానికి ఒప్పుకోని నలుగురిని జైలుకు పంపారు. వారి కేసును ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. ఇన్నేళ్ళ తరువాత న్యాయస్థానం చేయగలిగింది లేదు, అడగదలిస్తే చట్టసభనే అడగాలన్నది సారాంశం. వారసులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

చర్చిల్ మాటకూ హారిస్ నెక్ అధికారుల మాటకూ తేడా ఎక్కడుంది? మొదటిది పార్లమెంటు రికార్డుకెక్కింది. రెండోది గుమ్మంలో నిలబడి చెప్పినది. మొదటిదాన్ని విన్నవారికి న్యాయవాదులు, పార్లమెంటు సభ్యులు, పత్రికలు అందుబాటులో ఉన్నారు. రెండోదాన్ని విన్నవారికి నాటి జార్జియాలో ఓటు హక్కు కూడా పేరుకే. మాట విలువ చెప్పినవాడి నిజాయితీ కంటే విన్నవాడి స్థాయిని బట్టి తేలింది. నోటి మాట కౌలు మీద, తెల్లకాగితం మీద, దొర దయ మీద తరాలుగా బతికిన కులాలకు ఈ సూత్రాన్ని విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మళ్ళీ పంజాబ్‌కు వద్దాం. 1900లో బ్రిటిష్ ప్రభుత్వం పంజాబ్ భూ అన్యాక్రాంత చట్టం తెచ్చింది. వడ్డీవ్యాపారుల చేతికి భూమి పోకుండా సాగుదారులను కాపాడటం దాని ప్రకటిత లక్ష్యం. ఆచరణలో అది కులాల జాబితాగా మారింది. వ్యవసాయ తెగలుగా ప్రభుత్వం ప్రకటించిన కులాలవారి భూమిని ఆ జాబితాలో లేనివారు శాశ్వతంగా కొనుగోలు చేయడానికి వీల్లేకుండా పోయింది. పొలాల్లో చెమటోడ్చే దళిత కులాలు ఆ జాబితాలో లేవు. తరాలుగా నాగలి పట్టినా, కోత కోసినా, వారు చట్టం దృష్టిలో వ్యవసాయదారులు కారు. కూడబెట్టిన డబ్బుతో ఎకరం కొనుక్కుందామన్నా దారి మూసుకుపోయింది. యుద్ధకాలంలో ఎయిర్‌ఫీల్డుల కోసం భూములు తీసుకునే నాటికి అమల్లో ఉన్నది ఈ చట్టమే. రాజ్యాంగం వచ్చాకే అది తొలగింది.

అందువల్ల నాటి సేకరణ రికార్డుల్లో అసలు యజమాని కోసం వెతికితే దళితుడి పేరు దొరకడం దాదాపు అసాధ్యం. ఆ గడిలోకి అతడి పేరు చేరకుండా చట్టమే కాపలా కాసింది. దాని ఫలితం నేటికీ కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పంజాబ్ జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 31.9 శాతం. ఏ రాష్ట్రంలోనూ అంత నిష్పత్తి లేదు. వారి చేతిలో ఉన్న వ్యవసాయ భూమి మాత్రం మూడున్నర శాతం దగ్గర ఆగిపోయింది. గ్రామ ఉమ్మడి భూముల కౌలులో తమకు చట్టం కేటాయించిన మూడోవంతు వాటా కోసం అక్కడి దళితులు నేటికీ లాఠీదెబ్బలు తింటున్నారు. ఫత్తూవాలాలో దొంగ రికార్డుతో సైన్యం నేలను అమ్మగలిగారన్న ఆరోపణను ఈ నేపథ్యంలో పెట్టి చూడాలి. రెవెన్యూ కాగితం అందుబాటులో ఉన్నవారికి లేని హక్కు కూడా పుట్టుకొస్తుంది. కాగితం అందని వారికి ఉన్న హక్కు కూడా రుజువు కాదు.

యుద్ధకాలంలో రాజ్యానికి భూమి ఎంత సులభంగా దొరికిందో తలచుకుంటే మరొక సంగతి గుర్తుకొస్తుంది. 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత అణగారిన వర్గాల మహాసభ, దళితులకు ప్రత్యేక గ్రామ స్థావరాలు కావాలని, అందుకు ప్రభుత్వ బంజరు భూములు కేటాయించాలని తీర్మానించింది. సవర్ణ గ్రామం మీద బతుకు ఆధారపడినంతకాలం విముక్తి లేదన్నది ఆ తీర్మానం వెనుక ఉన్న ఆలోచన. ఆ నెలలోనే అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. సరిగ్గా అదే కాలంలో భారత రక్షణ చట్టం కింద దేశమంతటా ఎయిర్‌ఫీల్డుల కోసం వేల ఎకరాలను ఒక్క ఉత్తర్వుతో స్వాధీనం చేసుకున్నారు. బెంగాల్ నుంచి జార్ఖండ్ దాకా, ఖరగ్‌పూర్ పరిసరాల్లో, చాకులియాలో అమెరికన్ భారీ బాంబర్ల కోసం రన్‌వేలు పరిచారు. 1944లో అక్కడి నుంచి ఎగిరిన బాంబర్లు 1945 నాటికి పసిఫిక్ దీవులకు తరలిపోయాయి. ఏడాది అవసరానికి నేల దొరికింది. వేల ఏళ్ళ అవసరానికి దొరకలేదు. వ్యవసాయ భూమి రాజ్యానిదై, కులమత భేదం లేకుండా గ్రామస్తులకు సాగుకివ్వాలని, భూస్వామి, కౌలుదారు, కూలీ అన్న అంతరాలే ఉండరాదని అంబేద్కర్ 1947లో రాజ్యాంగ సభ ముందుంచిన ప్రతిపాదన కూడా పుస్తకాలకే పరిమితమైంది.

ఇక నేటి చట్టం సంగతి. 2013 భూసేకరణ చట్టం 1894 నాటి చట్టం కంటే మేలైనదే. బాధిత కుటుంబం అన్న నిర్వచనంలో భూమి లేని వ్యవసాయ కూలీలను, కౌలుదారులను, పాలుకు చేసేవారిని, చేతివృత్తులవారిని చేర్చింది. సేకరణకు ముందు 3 ఏళ్ళుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, జీవనాధారం కోల్పోయినవారికి పునరావాస హక్కు కల్పించింది. దళితుల దృష్టితో చూస్తే ఇది గణనీయమైన ముందడుగు. కానీ అదే చట్టంలోని 101వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆ చూపు మసకబారింది. సేకరించిన భూమిని స్వాధీనం చేసుకున్న నాటి నుంచి 5 ఏళ్ళు వాడకపోతే, దానిని అసలు యజమానికి, లేదా వారసులకు, లేదా ప్రభుత్వ భూబ్యాంకుకు చేర్చాలని ఆ సెక్షన్ చెబుతుంది. పోయేటప్పుడు బాధితుల జాబితాలో ఉన్న కూలీ, కౌలుదారు, తిరిగి వచ్చేటప్పుడు జాబితాలో లేరు. క్రిచెల్ డౌన్ నిబంధనల్లోని అంధత్వమే మన చట్టంలోకీ వచ్చింది. డోర్సెట్‌లో దాని బాధితులు అద్దెదారులు. ఇక్కడ దాని బాధితుల్లో దళితులే ఎక్కువ. 2011 లెక్కల ప్రకారం వ్యవసాయంలో పనిచేసే షెడ్యూల్డ్ కులాల వారిలో దాదాపు 71 శాతం పరుల పొలంలో కూలీలే.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. నిజాం కాలంలో, 1930 ప్రాంతంలో ఏర్పడిన వరంగల్ మామునూరు విమానాశ్రయాన్ని పునరుద్ధరించడానికి కేంద్రం 2025లో ఆమోదం తెలిపింది. అదనపు భూమి సేకరణకు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా పరిశీలిస్తున్న విమానాశ్రయాల జాబితాలో తాడేపల్లిగూడెం ఉంది. అక్కడ యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ప్రకాశం జిల్లా దొనకొండలోని బ్రిటిష్ కాలపు ఏరోడ్రోమ్ పేరు కూడా తరచూ వినబడుతూనే ఉంటుంది. విమానాశ్రయాలు రావద్దని ఎవరూ అనరు. పాత నేల ఎలాగూ ప్రభుత్వానిదే కదా, ఇక చర్చ ఎందుకన్న ధోరణితోనే పేచీ.

ప్రభుత్వానిదన్న ఆ నేల చుట్టూ ఎన్ని రకాల అనుభవాలున్నాయో గమనించాలి. నిజాం రాజ్యంలో పల్లెల్లో మాల మాదిగ కుటుంబాల చేతిలో ఉన్న కొద్దిపాటి భూమిలో చాలా భాగం ఊరి చాకిరికి ప్రతిఫలంగా వచ్చిన ఇనాం చెక్కలు. నీరటి, శేత్‌సింధీ, బలూతా పేర్లతో అవి నడిచాయి. చాకిరి ఉన్నంతవరకే నేల. తెలంగాణలో భూమి హక్కుకు నేటికీ ప్రాతిపదికగా చూసే ఖాస్రా పహాణీ 1954–55 నాటిది. అంతకు రెండు దశాబ్దాల ముందే విమానాశ్రయం కింద సాగు పోగొట్టుకున్న కుటుంబం ఆ పహాణీలో ఎలా కనబడుతుంది? సాదాబైనామా మీద కొనుక్కున్న లక్షల మంది చిన్న రైతులు క్రమబద్ధీకరణ కోసం ఏళ్ళ తరబడి దరఖాస్తులు పట్టుకు తిరగవలసి వచ్చిందంటే, 90 ఏళ్ళ కిందటి నోటి మాట గతి ఏమిటో ఊహించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానిది. సంతకం లేకపోతే తాను రైతే కాడన్న దుఃఖం కౌలుదారుది.

అసైన్డ్ భూముల కథ వేరు కాదు. భూమిలేని పేదలకు, ముఖ్యంగా దళితులకు, ప్రభుత్వం ఇచ్చిన ఈ భూములను అమ్మడానికి వీల్లేదని 1977 చట్టం చెప్పింది. భూస్వాముల చేతికి తిరిగి పోకుండా కాపాడటం దాని సదుద్దేశం. ప్రజావసరం పేరు చెప్పగానే ఇదే నిబంధనను అడ్డుపెట్టుకుని, ఇచ్చిన మేమే తీసుకుంటున్నాం, పరిహారం దేనికన్నాయి ప్రభుత్వాలు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఈ వాదాన్ని తోసిపుచ్చింది. అసైనీలకూ పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చాక కూడా రాజధాని అమరావతి భూసమీకరణలో అసైన్డ్ భూములకు తొలుత పట్టా భూముల కంటే తక్కువ విస్తీర్ణపు ప్లాట్లు నిర్ణయించారు. హారిస్ నెక్‌లో 26.90కీ 37.31కీ మధ్య ఉన్న తేడా సముద్రాలు దాటి వచ్చిన వింతేమీ కాదు. ఒకే గట్టుకు అటు ఇటు ఉన్న నేలకు రెండు వెలలు కట్టే బుద్ధి మనకూ బాగా అలవాటైనదే.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: అసలు పట్టాదారులు కూడా నష్టపోయారు గదా, ఇందులో కులం ఎందుకు? నిజమే, సన్నకారు పట్టాదారులు ఎందరో నష్టపోయారు. వారి హక్కును తగ్గించమని ఎవరూ కోరడం లేదు. అయితే పట్టాదారుడికి అవార్డు కాపీ ఉంది, సర్వే నంబరు ఉంది, కోర్టుకు వెళ్ళే దారి ఉంది. అతడి పొలంలో పాలేరుగా ఉన్నవాడికి ఆ మూడూ లేవు. నష్టం ఇద్దరిదీ, దానిని నిరూపించుకునే వీలు ఒక్కరిది. ఈ తేడా వ్యక్తుల అదృష్టం మీద ఆధారపడి ఏర్పడలేదు. ఎవరికి భూమి ఉండాలో, ఎవరికి ఉండకూడదో తరతరాలుగా నిర్ణయించిన కులవ్యవస్థ దానిని నిర్మించింది. పంజాబ్‌లో అది చట్టంగా రాసుకుంది. మిగతాచోట్ల రాసుకోవలసిన అవసరం కూడా రాలేదు.

రెండో ఆక్షేపణ: 80, 90 ఏళ్ళు గడిచాక ఎవరు సాగుచేశారో తేల్చడం సాధ్యమా? దీనికి సమాధానం మన చట్టాల్లోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు రుజువుకు ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. అంతేకాదు, భూమి పరిహారం లేకుండా ప్రభుత్వ ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులై, ఆ భూమిని సేకరించిన ప్రయోజనానికి 5 ఏళ్ళలో వాడకపోతే, అక్కడి ఆదివాసులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు ఆ భూమి మీద హక్కు ఉందని ఆ చట్టం నాలుగో సెక్షన్ అంటుంది. ఆ హక్కుకు పట్టా ఉండాలన్న షరతు లేదు. సాగు, నివాసం రుజువైతే చాలు. అడవిలో న్యాయమని రాజ్యం ఒప్పుకున్నది మైదానంలో అన్యాయం ఎలా అవుతుంది? ఆదివాసుల పోరాటం ఆ వెసులుబాటును సాధించింది. మైదాన ప్రాంత దళితుల విషయంలో ఆ మేరకు రాజకీయ సంకల్పం ఇంకా కూడలేదు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. మొదట, పునరుద్ధరించదలచిన ప్రతి పాత ఎయిర్‌స్ట్రిప్‌కు సంబంధించిన సేకరణ గెజిట్లు, అవార్డులు, గ్రామ పటాలను జిల్లా యంత్రాంగం బయటపెట్టాలి. ఎవరి సర్వే నంబరు ఎప్పుడు పోయిందో, ఎంత ముట్టిందో ప్రజలు చూడగలగాలి. రెండోది, కొత్తగా తీసుకునే ప్రతి ఎకరానికీ సామాజిక ప్రభావ అంచనా జరగాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ 2013 చట్టానికి చేసుకున్న సవరణల ద్వారా కొన్ని ప్రాజెక్టులను ఈ అంచనా నుంచి తప్పించే వీలు కల్పించుకున్నాయి. కూలీల, కౌలుదారుల పేర్లు కాగితం మీదికి ఎక్కే ఏకైక సందర్భం అదే. దానిని తప్పించడమంటే వారిని మళ్ళీ అదృశ్యం చేయడమే. ఆ అంచనాలో కులాలవారీగా నష్టాన్ని నమోదు చేయాలి, గ్రామసభలో ఇచ్చే మౌఖిక వాంగ్మూలాన్ని సాక్ష్యంగా స్వీకరించాలి. మూడోది, అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమాన పరిహారం అన్న 2004 తీర్పు స్ఫూర్తి ప్రతి నోటిఫికేషన్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. నాలుగోది, 101వ సెక్షన్‌ను పార్లమెంటు సవరించాలి. వాడకుండా మిగిలిన భూమి తిరిగి వచ్చినప్పుడు, సేకరణ నాటి బాధిత కుటుంబాల జాబితాలో ఉన్న భూమిలేని కుటుంబాలకూ అందులో నిర్ణీత వాటా దక్కాలి. భూబ్యాంకుకు చేరిన నేల పరిశ్రమాధిపతుల క్యూలోకి వెళ్ళకముందు ఈ కుటుంబాల దగ్గరికి రావాలి.

పాత విమానాశ్రయాల మీద ఆసక్తి మన యువతలోనూ పెరుగుతోంది. పాడుబడిన రన్‌వేల వీడియోలు తీస్తున్నారు, చరిత్ర చెబుతున్నారు. పొలం యజమానిని అడిగి లోపలికి వెళ్ళే ఆ యువకులు, పక్కనున్న మాలపల్లెకో మాదిగవాడకో కూడా ఒకసారి వెళ్ళి అక్కడి ముసలివాళ్ళను పలకరిస్తే మంచిది. విమానాలు రాకముందు ఆ నేల మీద ఎవరి నాగలి నడిచిందో, కాంక్రీటు తట్టలు ఎవరు మోశారో, కూలి ఎంత ఇచ్చారో అడిగి రాసుకోవాలి. రికార్డులో లేని చరిత్రకు ఇప్పటికి మిగిలిన ఆధారం ఆ జ్ఞాపకాలే. కొత్త విమానాశ్రయాల భూసేకరణ నోటీసులు వెలువడేలోగా ఆ వాంగ్మూలాలు నమోదైతే, రేపటి గ్రామసభలో అవే సాక్ష్యాలవుతాయి.